కోటమ్మ మంచుదారి

పల్నాటి ఎండ గురించి చెప్పమంటే ఆ పల్లెలో పాలుతాగే పిల్లవాడు తప్ప అందరూ పూటంతా చెబుతారు. మంచు గురించి అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. పుష్యమాసంలో జొన్నచేల మీద పొగలా పరుచుకుని, పొద్దు పొడవగానే పారిపోయేది తప్ప వాళ్ళకు ఇంకో మంచు తెలియదు. అలాంటి చోట, దేశానికి స్వరాజ్యం వచ్చిన రెండో ఏడు మాఘమాసంలో, కలుపుకూలికి పోయి బతికే ఒక విధవరాలు మంచుకొండ ఎక్కడానికి సన్నాహాలు మొదలుపెట్టిందంటే ఊరు నవ్వక ఏం చేస్తుంది? నవ్వింది. ముందు నవ్వి ఆనక నాలుక కరుచుకోవడం ఊళ్ళకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఆమె పేరు కోటమ్మ. కోటప్పకొండకు తూర్పున, నరసరావుపేట పోయే దారిలో ఉంటుంది ఆ పల్లె. కొండమీది దేవుడికి మొక్కుకుంటే పుట్టిందని తల్లిదండ్రులు పెట్టిన పేరు అది. పెళ్ళయ్యాక మొగుడితోపాటు కిరస్తానంలో కలిసినప్పుడు సారమ్మ అని కొత్త పేరు పెట్టారు గానీ, ఆ పేరు ప్రార్థనమందిరం గడప దాటి ఊళ్ళోకి రాలేదు. మొగుడు యల్లమంద. గూడెంలో పోయినవాళ్ళకు గోతులు తవ్వే మనిషి. పల్నాటి నేలలో గొయ్యి తవ్వడం ఆషామాషీ పని కాదు. మూరెడు మట్టి తీసేసరికి కింద నాపరాయి ఖణేల్మంటుంది. అతను గునపం వేస్తే ఆమె తట్టతో మట్టి మోసేది. ఎన్నో ఏళ్ళపాటు గూడెంలో పోయిన ప్రతివాళ్ళకూ ఆ ఇద్దరే చోటు చేశారు. తర్వాత యల్లమందే పోయాడు. ఉన్న ఒక్క కొడుకు దేవదానం రోడ్లు వేసే పటాలంలో చేరి కాశ్మీరం వెళ్ళాడు. కిందటి కార్తీకంలో అక్కడే చనిపోయాడు.

తంతి వచ్చిన రోజు కోటమ్మ ఏడవలేదు. పాస్టరుగారు చదివి చెప్పింది ఆసాంతం నిలబడి విని, "మట్టిలో పెట్టారా?" అని ఒక్కటే అడిగింది. ఆ ముక్క తంతిలో లేదు. గూడెమందరికీ గోతులు తవ్విన ఇంటి మనిషికి ముందుగా వచ్చే ప్రశ్న అదే మరి. అది తేలకపోతే ఏడుపు కూడా రాదు.

అది తేల్చింది సుభానీ. దూదేకుల బీబీ కొడుకు. దేవదానంతో కలిసి గోలీలాడినవాడు, కలిసి పటాలంలో చేరినవాడు. క్రిస్మస్ దాటాక, ఎడమ కాలికి వేళ్ళు లేకుండా, చంకలో కర్రతో ఊళ్ళో దిగాడు. మంచు కొరికేసిందట. అతను భుజం మీది సంచి దించకముందే కోటమ్మ వాకిట్లో నిలబడింది.

"నా బిడ్డని మట్టిలో పెట్టార్రా?"

"పెట్టాం అత్తా" అన్నాడు సుభానీ. "మంచిగా పెట్టాం. కొయ్య సిలువ కూడా నాటాం."

ఆ రాత్రి కోటమ్మ చాలా రోజులకు కంటినిండా నిద్రపోయింది.

ఆ గూడెంలో ఒక ఆనవాయితీ ఉంది. మనిషి పోయాక వచ్చే మొదటి ఈస్టరుకు, ఇంటివాళ్ళు ముందురోజే సమాధికి సున్నం కొట్టాలి. పండగనాడు కోడి కూయకముందే వెళ్ళి దీపాలు పెట్టి, పొద్దు పొడిచేదాకా అక్కడే నిలబడి పాటలు పాడాలి. ఇది బైబిల్లో ఎక్కడా లేదని పాస్టరుగారు ఎన్నిసార్లో చెప్పి చూశారు. బైబిల్లో లేనివి బోలెడు చేస్తున్నాం, ఇదీ ఒకటి అనుకుని గూడెం ఊరుకుంది. ఆ తెల్లవారుజామున దీపం లేని కొత్త సమాధిని దిక్కులేని సమాధి అంటారు. ఆ మాట పడటం కంటే పస్తులుండటం నయమని అక్కడివాళ్ళ లెక్క.

అందుకే మాఘం మొదట్లో ఒక పొద్దున కోటమ్మ బీబీ వసారాలోకి వచ్చి, ఏకిన దూది పక్కన చతికిలబడి, "ఈస్టరుకు నేను ఆడ ఉండాల. తీసకపో" అంది.

సుభానీ దూదేకే విల్లు పక్కన పెట్టాడు. "కోటప్ప తిరనాళ్ళనుకున్నావా అత్తా, బండి కట్టుకుని పోవడానికి? చైత్రంలో ఆడ నిలువెత్తు మంచుంటది. దారే కనపడదు. మృగశిర కార్తె రానియ్. కరిగినాక పోదాం."

"మృగశిరకు పండగుండదుగా."

"పండగలు ఏటా వస్తయ్."

"మొదటి పండగ ఒక్కసారే వస్తది. నేనడిగింది ఎప్పుడు పోదామని కాదురా, ఎట్టా పోదామని."

చెవిలో జోరీగలా రోజూ ఇదే పోరు. బీబీ కూడా కోటమ్మ పక్షానే చేరింది. "వదిన అడిగిందాంట్లో తప్పేముందిరా? నువ్వే ఆడ పోయుంటే నేను రానా?" అంది. సుభానీ వారం రోజులు పెనుగులాడి, చివరికి సరేనన్నాడు. అన్నాడే గానీ ఆ సరేలో జీవం లేదు. కోటమ్మ అది గమనించింది. కాలి బాధేమో అనుకుంది.

దారి నేర్పడం మొదలైంది. రైళ్ళ సంగతి తేలిగ్గానే తేలింది. పేటలో ఎక్కాలి, గుంటూరులో మారాలి, బెజవాడలో మారాలి, ఢిల్లీ పోయి మళ్ళీ మారాలి. కాశ్మీరంలోకి పోనివ్వాలంటే కావలసిన పర్మిట్టు కోసం పేటలో ఒక ప్లీడరు గుమాస్తాను పట్టుకుని అర్జీ పెట్టించాడు సుభానీ. అసలు కథ బస్సు దిగిన తర్వాత మొదలవుతుంది. అది చెప్పడానికి అతను వసారాలో నాపరాతి ముక్కలు పేర్చి కొండలు కట్టాడు. వాటి మీద దూది పరిచాడు.

"ఇది లోయ. ఇది బస్సాగే ఊరు. ఈడ్నించి నడక. ఈ తెల్లగా ఉందే, ఇదంతా మంచే. అశ్వని కార్తెకు కూడా ఇట్టాగే ఉంటది."

"ఎండ కాయదా?"

"కాస్తది. అదే ముప్పు." సుభానీ దూదిని అరచేత్తో అదిమాడు. "రాత్రంతా చలికి బిగిసి రాయల్లే ఉంటది. ఎద్దులబండి తోలినా దిగబడదు. పొద్దెక్కిందా, మెత్తబడి నడుందాకా లాగుద్ది. అదొక్కటే అయితే పర్లేదు. పైన పేరుకున్నది చరియలు చరియలుగా జారుద్ది. గట్టిగా కేకేసినా జారుద్ది. అందుకని చీకట్నే లేచి, పొద్దు మొహం చూసేలోగా ఈ రెండు కొండల మధ్య కనుమ దాటాల."

"చీకట్నే లేవడం నాకేమన్నా కొత్తా? కలుపుకు పొయ్యేదాన్ని ఎప్పుడు లేస్తానో మీ అమ్మనడుగు."

"వాగుల మీద మంచు వంతెనల్లే కట్టుకుంటది. పైకి గట్టిగానే కనపడుద్ది, కిందంతా నీళ్ళు తినేసి ఉంటయ్. కర్రతో పొడిచి చూడాల. బోలుగా పలికితే చుట్టు తిరిగి పోవాల. తొందరపడి కాలేశావా, ఇంక నీ పండగ ఆ వాగులోనే."

కోటమ్మ కర్ర తీసుకుని దూదిలో పొడిచి చూసేది. ఎక్కడ రాయి తగులుతుందో, ఎక్కడ డొల్లో చెప్పేది. మర్నాడు వచ్చి, పిల్లలు ఆదివారం బళ్ళో వాక్యం అప్పజెప్పినట్టు దారంతా అప్పజెప్పేది. చీకట్నే లేవాలి. కేకలు వేయరాదు. కర్రతో పొడవాలి. మెత్తబడితే ఆగిపోవాలి, మళ్ళీ రాత్రి బిగిసేదాకా రాతిచాటున కూర్చోవాలి. ఒక్క ముక్క తప్పేది కాదు. చూసి చూసి బీబీకి ఒళ్ళు మండింది. "ఏకిన దూదంతా కొండలూ లోయలూ చేస్తే పరుపులెవరు కుడతారు, మీ పటాలమా?" అని కసిరింది. కసిరి, ఇంకొంచెం దూది తెచ్చి అక్కడే వేసింది.

ఒక్కచోట మాత్రం సుభానీ పాఠం తడబడేది. "మావాడి సమాధి ఈ దూదిలో యాడ?" అని అడిగితే అతని వేలు ఒకనాడు కనుమకు ఇవతల వాలేది, ఇంకోనాడు అవతల వాలేది. స్నేహితుడి సమాధి తలుచుకోవడం ఎవరికి మాత్రం సులువు? కోటమ్మ రెట్టించలేదు.

భయపెట్టి మాన్పించాలని కూడా అతను చూశాడు. ఒకసారి గుడ్డ విప్పి వేళ్ళు లేని పాదం చూపించాడు. "చూడత్తా, మంచంటే ఇది."

కోటమ్మ ఆ పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని నెమ్మదిగా నిమిరింది. "రెండో కాలు బాగుందిగా?" అంది. ఇలాంటి మనిషితో ఎవరు మాత్రం ఏం చేయగలరు?

గాలి పలచగా ఉంటుందనీ, ఎత్తు ఎక్కితే రొమ్ము పట్టేస్తుందనీ, ముందునుంచే కొండ ఎక్కడం అలవాటు చేసుకోవాలనీ సుభానీ చెప్పాడు. చుట్టుపక్కల కొండంటే ఒక్కటే. శివరాత్రి తిరునాళ్ళ రద్దీ తీరాక కోటమ్మ చీకటితో లేచి, తట్టలో ఇసుక పోసుకుని, నెత్తిన పెట్టుకుని కోటప్పకొండ మెట్లెక్కడం మొదలుపెట్టింది. కాళ్ళకు సుభానీ పాత పటాలం బూట్లు. లోపల దూది కుక్కి, తాడుతో బిగించి కట్టింది. గుడి దాకా వెళ్ళేది కాదు. ఆఖరి మలుపు దగ్గర తట్ట దించి, ఊపిరి తీసుకుని, తిరిగి దిగేది. పొద్దు పొడిచే వేళకు ఆ బూట్లతో టకటకమంటూ ఊళ్ళోకి వస్తుంటే పిల్లలు వెనకపడేవాళ్ళు. బూట్ల కోటమ్మ అని పేరు కూడా పడింది. మూడో పేరు. సారమ్మ కంటే ఇదే త్వరగా అతుక్కుంది.

కబురు సంఘపెద్ద జ్ఞానయ్య చెవిన పడటానికి ఎంతోసేపు పట్టలేదు. జ్ఞానయ్య మంచివాడే. కాకపోతే మంచితనాన్ని కర్రలా చేత్తో పట్టుకు తిరిగే రకం. ఆదివారం ఆరాధన అయ్యాక ఆమెను ఆపేశాడు.

"ఏంది సారమ్మా, కోటప్పకొండ ఎక్కుతున్నావంట? బాప్తిస్మం తీసుకున్నదానివి, ఆ కొండతో నీకేం పని?"

"కొండతో పని బాబాయ్, దేవుడితో కాదు."

"అందరూ ఏమనుకుంటారు? నీ పేరేమో కోటమ్మాయె, ఎక్కేదేమో కోటప్పకొండాయె. పాత మొక్కు తీర్చుకుంటందంటారు."

"మనకు వేరే కొండ లేకపాయె. ఒకటి తెచ్చి గూడెంలో పెట్టించు, దాన్నే ఎక్కుతా."

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. జ్ఞానయ్యకు మండింది. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టుంది నీ యవ్వారం. ఇంకా రైలెక్కనేలేదు, అప్పుడే బూట్లా?" అన్నాడు. కొడుకు అన్న మాట నోట్లోంచి వచ్చాక గానీ అతనికి తెలియలేదు. నాలుక కరుచుకున్నాడు. కోటమ్మ బూట్ల తాళ్ళు బిగించుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రి జ్ఞానయ్యకు అన్నం సయించలేదని అతని పెళ్ళాం తర్వాత చెప్పింది.

ఫాల్గుణం గడిచింది. పర్మిట్టు వచ్చింది. సుభానీ ఎవరో పాత సుబేదారుకు ముందే కబురు పెట్టుకున్నాడు. కోటమ్మ ఒక చిన్న మూటలో సున్నం కట్టుకుంది. అక్కడ సున్నం దొరుకుతుందో లేదో, దొరికినా అది మన సున్నంలా తెల్లగా ఉంటుందో లేదో ఎవరికి తెలుసు? పల్నాటి రాయి కాల్చిన సున్నం ముందు ఏ సున్నమైనా దిగదుడుపే అని ఆమె నమ్మకం.

వారంలో ప్రయాణమనగా గూడెంలో ఒక ముసలామె చనిపోయింది. యల్లమంద పోయినప్పటినుంచీ గోతులు తవ్వడం కుర్రాళ్ళ మీద పడింది. వాళ్ళకు బలం ఉంది, ఒడుపు లేదు. సాయంత్రం సమాధుల దొడ్డిలో గునపాలు వేస్తుంటే నిప్పురవ్వలు లేస్తున్నాయి గానీ నేల లేవడం లేదు. సుభానీ కూడా ఇరుగుపొరుగు మర్యాదకు వచ్చి, గట్టు మీద కర్ర ఆనించుకుని కూర్చున్నాడు. కోటమ్మ వచ్చి చూసి తల పట్టుకుంది.

"ఆగండ్రా. గునపం విరుగుద్ది గానీ రాయి విరగదు. గొయ్యి కొలతకు గీత గీసి, కడవలతో నీళ్ళు పోసి, గోనెలు కప్పి పొద్దుటిదాకా నాననీండి. పలకల సందున మట్టి నానిందంటే పలకకు పలక లేస్తది. మీ యల్లమంద మావ ఎప్పుడన్నా ఎండు నేల మీద గునపమేశాడా?"

ఆమే ముందుగా కడవ ఎత్తింది. నీళ్ళు నేల మీద పడి, ఒక్క క్షణం నిలబడి, నెర్రెల్లోకి సర్రున ఇంకిపోతున్నాయి. రెండో కడవ పోస్తూ పోస్తూ కోటమ్మ చెయ్యి ఆగిపోయింది.

అక్కడ కార్తీకానికే నేల రాయైపోతుందన్నాడు సుభానీ. చెంబులో నీళ్ళు కూడా బిగిసిపోతాయని, మంచు గడ్డలు కరిగించుకుని తాగేవాళ్ళమని దారి నేర్పేటప్పుడు ఎన్నోసార్లు చెప్పాడు. అలాంటి నేలను ఏ నీళ్ళతో నానబెట్టారు? ఇన్నాళ్ళూ దారి గురించి అడిగింది, చలి గురించి అడిగింది, బూట్ల గురించి కూడా అడిగింది. గొయ్యి గురించి అడగలేదు. పెట్టాం అన్నాడు కదా అని, తన సొంత విద్యను తానే మరిచిపోయింది. కడవ కింద పెట్టి గట్టు దగ్గరికి వచ్చింది.

"సుభానీ, మావాడి గోతికి నేల ఎట్టా నానేశారు?"

సుభానీ కర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "పటాలం గందా అత్తా. మందుగుండు పెట్టి పేల్చాం."

"గట్టిగా కేకేస్తేనే మంచు జారుద్దన్నావు. మందు పేలిస్తే పైనున్న మంచు ఊరుకుందా?"

తాను నేర్పిన పాఠమే సుభానీకి అడ్డం తిరిగింది. కుర్రాళ్ళు కడవలు పట్టుకుని దూరంగా జరిగారు.

"నిజం చెప్పరా. గొయ్యి తవ్వారా లేదా?"

"లేదత్తా."

ఆ మాట తర్వాత మిగతాదంతా అతను నేల చూస్తూనే చెప్పాడు. రోడ్డు పని జరుగుతుండగా పైనుంచి చరియ జారింది. శబ్దం వినేలోపే వచ్చి పడింది. దేవదానాన్నీ, రెండు కంచరగాడిదల్నీ తీసుకుపోయింది. పొడుగు గడలు మంచులో దించి దించి వెతికారు. కర్ర మెత్తగా తగిలితే తవ్వడం, గాడిద అయితే మళ్ళీ ఇంకోచోట దించడం. ఇంకో చరియ జారేలా ఉందని దొర అందర్నీ వెనక్కి రమ్మన్నాడు. సుభానీ రాలేదు. చీకటి పడేదాకా చేతుల్తో తవ్వుతూనే ఉన్నాడు. ఇద్దరు పట్టుకుని ఈడ్చుకెళ్ళారు. కాలివేళ్ళు పోయింది అప్పుడే.

"మేం పెట్టలేదత్తా. ఆ కొండే కప్పేసుకుంది."

"మరి ఈస్టరుకు తీసకపోయి నాకేం చూపిద్దామనుకున్నావు?"

"కనుమ కింద కొండవాళ్ళు పేర్చిన రాళ్ళకుప్పలుంటయ్. ఒకటి చూపిద్దామనుకున్నా. ముందే ఒక సిలువ నాటమని సుబేదారుకు కబురు పెట్టా."

"ఎవుడో పేర్చిన రాళ్ళకు నా చేత సున్నం కొట్టించేవాడివా!"

ఆమె కొట్టి ఉంటే అతను సంతోషించేవాడు. కొట్టలేదు. వెనక్కి వెళ్ళి, మిగిలిన కడవలన్నీ పోసి, గోనెలు కప్పి, అంచులు రాళ్ళతో బిగించి ఇంటికి పోయింది. మర్నాడు ముసలామెకు గొయ్యి చక్కగా లేచింది. పలకకు పలక వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు కోటమ్మకు గొంతులో ముల్లులా గుచ్చుకుంది. ఊళ్ళో పేరూ ఊరూ లేని బిచ్చగాడు పోయినా ఆమె మొగుడు చోటు చేశాడు. వాళ్ళ కన్నబిడ్డకు మాత్రం జానెడు చోటు లేదు.

ఆ రోజు నుంచి ఆమె బీబీ వసారా తొక్కలేదు. కొండ ఎక్కలేదు. ప్రయాణం రోజు వచ్చింది, పోయింది. బూట్ల కోటమ్మ చప్పుడు వినపడటం లేదేమని పిల్లలు అడిగితే పెద్దవాళ్ళు కసిరారు. సంగతి అప్పటికి ఊరంతా పాకింది. ఎవరూ నవ్వడం లేదు. బీబీ రెండుసార్లు గిన్నెలో కూర పంపింది. రెండుసార్లూ గిన్నె కడిగి, తిరిగి వచ్చింది. అందులో కోపమూ లేదు, పలకరింపూ లేదు.

ఈస్టరు తెల్లవారుజామున కోటమ్మ సమాధుల దొడ్డికి వెళ్ళింది. యల్లమంద ఉన్నాడు కదా, వెళ్ళక తప్పదు. చీకట్లో దీపాలు వరసగా వెలుగుతున్నాయి. పాట మొదలైంది. జ్ఞానయ్య కొవ్వొత్తి ఒకటి పట్టుకుని నెమ్మదిగా ఆమె పక్కకు వచ్చాడు. ఈసారి సారమ్మ అనలేదు.

"కోటమ్మా, ఇది పిల్లోడి పేర ఇక్కడే పెట్టు. తండ్రి పక్కనే ఉన్నాడనుకుందాం. దేవుడికి తెలుసు వాడు యాడున్నాడో."

మనసారా అన్నాడు. కోటమ్మ కొవ్వొత్తి అందుకోలేదు.

"సమాధి మీద పెట్టే దీపం గదా బాబాయ్ ఇది. వాడినింకా మట్టిలో పెట్టలేదుగా" అంది.

తూర్పున పొద్దు పొడిచింది. పల్నాటి పొద్దు. పుడుతూనే వీపు మీద చురుక్కుమంది. అందరూ పాడుతున్నారు. కోటమ్మ ఆలోచన ఆ చురుకు దగ్గరే ఆగిపోయింది. ఇదే పొద్దు అక్కడా పొడుస్తుంది. అక్కడా మంచు మీద పడుతుంది. రోజూ కొంచెం కొంచెం తింటుంది. మృగశిరకు కరుగుతుందని సుభానీ మొదటిరోజే చెప్పాడు. కరిగితే కిందున్నది ఏమవుతుంది? రాళ్ళ మీద, ఆకాశం కింద, ఒంటరిగా!

పాట సగంలో ఉండగానే ఆమె దొడ్డి దాటి బయటికి నడిచింది. జ్ఞానయ్య పిలవబోయి మానుకున్నాడు. ఆమె తిన్నగా బీబీ ఇంటికి వెళ్ళింది. సుభానీ వసారాలో విల్లు ముందు కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేవబోతే చేత్తో ఆపింది.

"కరిగినాక పైకి తేల్తాడా?"

సుభానీకి అర్థమైంది. ఇక దాచడానికి ఏమీ లేదు. "తేల్తాడత్తా."

"ఎట్టుంటాడు?"

"పోయినప్పుడు ఎట్టున్నాడో అట్టనే ఉంటాడు. మంచులో ఉన్నంతకాలం ఏమీ కాదని ఆ కొండవాళ్ళు చెప్పారు."

"తర్వాత?"

"గద్దలుంటయ్. నక్కలుంటయ్." అతని కళ్ళ నీళ్ళు దూది మీద పడ్డాయి. "ఆడ మనుషులెవరూ ఉండరత్తా."

లోపల్నుంచి బీబీ వచ్చి గుమ్మంలో నిలబడింది. కోటమ్మ కింద కూర్చుంది. మొహంలో దుఃఖం కంటే లెక్క ఎక్కువగా కనిపిస్తోంది. పొలంలో వాన రాకముందు విత్తనం గురించి ఆలోచించే ఆడదానిలా ఉంది.

"ముందు పోతే కనపడడు. ఆలస్యంగా పోతే దక్కడు. మంచు కరిగే నాటికి సరిగ్గా ఆడ ఉండాల. అంతేనా?"

"అంతే."

"నువ్వొస్తావా?"

"నువ్వు రావద్దన్నా వస్తా. నన్ను తిట్టవేంది అత్తా? ఒక్క మాటన్నా అను."

"తిడతాలే. దారి చానా పొడుగుంది." ఆమె ముందున్న దూదిని అరచేత్తో అదిమింది. "ఆడ మంచంతా ఒక్కసారే కరుగుద్దా?"

"లేదు. పొద్దు తగిలే వైపు ముందు కరుగుద్ది. ఇంకో పది పదిహేను రోజుల్లో ఆ వైపు రాళ్ళు బయటపడతయ్. రెండో వైపు ఆలస్యం."

కోటమ్మకు ఇంకొక్క మాట అడగాల్సి ఉంది. అడిగేదాకా ఆశ ఉంటుంది, అడిగాక ఉండకపోవచ్చు. ఇన్నాళ్ళూ ఎప్పుడు కరుగుతుందా అని తిట్టుకున్న మంచు, తాను చేరేదాకా కరక్కుండా ఉండాలని ఇప్పుడు మనసులో దండం పెడుతోంది.

"మావాడు ఏ వైపున్నాడు?"

సుభానీ కళ్ళు మూసుకున్నాడు. ఒకసారి అబద్ధం చెప్పిన మొహం కదా, కోటమ్మ దాన్ని వదలకుండా చూస్తోంది. అతను ఆ రోజును మొదటినుంచీ వెతుక్కుంటున్నాడు. గుడారం, టీ, వరసలో నడక, పారలు.

"పనిలోకి దిగినప్పుడు మా వీపులకు ఎండ లేదత్తా" అన్నాడు నెమ్మదిగా. "అవతలి కొండ మీదుంది, మా మీద లేదు. మధ్యాహ్నం చరియ జారేదాకా వణుకుతానే ఉన్నాం. పొద్దు ఎప్పుడొస్తదిరా ఇటు అని దేవదానమే అన్నాడు. నీడవైపే. అమ్మ మీద ఒట్టు, నీడవైపే. ఆడ మృగశిర దాటినా ఉంటది."

"అయితే అందుకుంటాం" అంది కోటమ్మ.

అని, తంతి వచ్చిన రోజు ఏడవని మనిషి, సమాధుల దొడ్డిలో నిజం విన్నప్పుడు కూడా ఏడవని మనిషి, బీబీ భుజం మీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది. కొడుకును తన చేతులతో మట్టిలో పెట్టుకునే వేళ ఇంకా దాటిపోలేదని ఏడ్చింది.